గాలికొండ నెత్తి మీద ఏముంది?

మన కొండలకు పేర్లు ఊరికే రాలేదు. నీళ్ళు ఊరేచోటుకు ఊటపేరు, పులి తిరిగినచోటుకు పులిపేరు, ఎర్రరాయి ఉన్నచోటుకు ఎర్రపేరు. గాలికొండ కూడా అలాంటిదే. విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే ఘాట్ రోడ్డులో అనంతగిరి దాటాక ఈ కొండ దగ్గర పర్యాటకుల బస్సులు ఆగుతాయి. దిగినవాళ్ళు లోయ వైపు తిరిగి ఫొటోలు తీసుకుంటారు, బొంగులో చికెన్ తింటారు, కాఫీ తాగి బండెక్కుతారు. ఈ కొండకు ఆ పేరు ఎందుకు వచ్చిందని అడిగేవాళ్ళు అరుదు. అది వాళ్ళ తప్పు కాదు. కానీ ఈ కొండ నీడలో పుట్టిన మన పిల్లలు కూడా అడగకపోతే అది మనకే నష్టం.

నేను గిరిజన బాలికల వసతి గృహంలో వార్డెన్‌ని. సాంఘిక శాస్త్రం చదువుకుని, ఉపాధ్యాయ శిక్షణ పొంది ఈ ఉద్యోగంలోకి వచ్చాను. పాఠ్యపుస్తకంలో హిమాలయాల ఎత్తు, ఊటీ చలి, చిరపుంజి వాన అన్నీ ఉంటాయి. మన కిటికీలోంచి కనిపించే కొండ గురించి మాత్రం ఒక్క పేజీ ఉండదు. ఆ పేజీ రాయాలన్నదే ఈ వ్యాసం ప్రయత్నం.

నూట అరవై ఏళ్లుగా బయటివాళ్ళు ఈ కొండ నెత్తి మీద ఒక్కో కాలంలో ఒక్కోటి చూశారు. ఒకరికి చల్లగాలి కనిపించింది. ఒకరికి ఇనుప ఖనిజం మోసే రైలుదారి, ఇంకొకరికి అల్యూమినియం ముడిరాయి, ఇప్పటివాళ్ళకు మేఘాల ఫొటో. మనవాళ్ళు మొదటినుంచీ చూసింది మాత్రం నీళ్ళనే. ఎవరి చూపు సరైనదో తేల్చాలంటే ముందు కొండను తెలుసుకోవాలి.

ఎక్కడుంది, ఎంత ఎత్తు

పడమటి కనుమలు ఒక పొడుగాటి గోడలా ఉంటాయి. మన తూర్పు కనుమలు అలా కాదు. గోదావరి, కృష్ణ, మహానది వంటి నదులు వాటిని ముక్కలుగా కోసేశాయి. గోదావరికి ఉత్తరాన, ఒడిశా వరకూ సాగే పెద్ద ముక్కలో మన ఏజెన్సీ ఉంది. పాడేరు వైపున్న ఆర్మకొండ సుమారు 1,680 మీటర్ల ఎత్తు. సరిహద్దు అవతల కొరాపుట్ జిల్లాలోని దేవమాలి 1,672 మీటర్లు. గాలికొండ వరుసలోని శిఖరాలు సుమారు 1,600 మీటర్లు, అంటే పాత లెక్కలో 5,000 అడుగుల పైమాటే.

ఈ ఎత్తు విలువ తెలియాలంటే కొండను రెండు వైపుల నుంచి చూడాలి. తూర్పున మైదానంలో ఉన్న శృంగవరపుకోట సముద్ర మట్టానికి వంద మీటర్ల ఎత్తు కూడా ఉండదు. అక్కడి నుంచి చూస్తే గాలికొండ నిటారు గోడ. పడమటి వైపు అరకు లోయే 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి చూస్తే అదొక మామూలు మెట్ట. సముద్రం ఇక్కడికి సూటిగా లెక్కేస్తే సుమారు 60 కిలోమీటర్లు. సముద్రానికి ఇంత దగ్గరగా, ఇంత నిటారుగా లేవడమే గాలికొండ వాతావరణానికి మూలం. బంగాళాఖాతం మీద నుంచి వచ్చే గాలికి దారిలో తగిలే మొదటి పెద్ద అడ్డు ఈ వరుసే. పేరులోని గాలి ఆ గాలే.

ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది. శిఖరం మీద గాలి ఒత్తిడి సముద్ర తీరంలో ఉన్నదానిలో ఆరింట అయిదు వంతులే. అందుకే అక్కడ నీళ్ళు 100 డిగ్రీల దాకా ఆగకుండా సుమారు 95 డిగ్రీలకే మరిగిపోతాయి. పై ఊళ్ళలో పప్పు ఉడకడానికి ఎక్కువ కట్టెలు కాలడానికి ఇది ఒక కారణం. మన అమ్మలకు ఈ లెక్క తెలియకపోవచ్చు గానీ, ఎంతసేపు ఉడికించాలో మాత్రం తెలుసు.

రాయి కథ

గాలికొండ రాయిని చేతిలోకి తీసుకుంటే ఎర్రటి చిన్న గింజలు మెరుస్తాయి. అవి గార్నెట్లు. భూగర్భ శాస్త్రంలో ఈ రాయిని ఖోండలైట్ అంటారు. 1902లో వాకర్ అనే శాస్త్రవేత్త, ఈ కొండల్లో ఉండే ఖోండు జాతి పేరు మీద ఆ పేరు పెట్టాడు. ప్రపంచంలో ఏ దేశంలో ఈ రాయి దొరికినా ఆ పేరుతోనే పిలుస్తారు. మన కువి మాట్లాడే అన్నదమ్ముల పేరు విశ్వవిద్యాలయాల్లో ప్రతి భూగర్భ శాస్త్ర విద్యార్థీ రాస్తున్నాడు. ఈ సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఈ రాయి ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బురద, ఇసుక. భూమి లోతుల్లోకి కూరుకుపోయి, సుమారు వంద కోట్ల సంవత్సరాల క్రితం విపరీతమైన వేడికీ ఒత్తిడికీ ఉడికి గట్టిపడింది. ఆ కాలంలో మన తూర్పు కనుమలూ ఇప్పటి అంటార్కిటికా తూర్పు భాగమూ ఒకే నేల. సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం అవి విడిపోయాయి, మధ్యలోకి సముద్రం వచ్చింది. నేడు మంచు కింద ఉన్న ఆ ఖండంలో మన కొండకు తోబుట్టువులైన రాళ్ళు ఉన్నాయి.

రాయి అక్కడే ఆగిపోలేదు. కోట్ల ఏళ్లుగా వానకు అరిగి, గెడ్డల్లో కొట్టుకుపోయి, తీరానికి చేరుతూనే ఉంది. భీమిలి తీరంలో ఎర్రగా, నల్లగా కనిపించే బరువైన ఇసుకలో గార్నెట్ ఉంటుంది. అది ఇలాంటి కొండల నుంచి దిగినదే. ఒడిశాలోని కోణార్క సూర్య దేవాలయం కట్టింది కూడా ఖోండలైట్‌తోనే.

ఇక కొండ నెత్తి సంగతి. వెచ్చటి వానలు లక్షల ఏళ్లు ఒకేచోట పడుతుంటే, రాయిలోని ఇసుకపాలు కరిగి నీళ్ళతో పోతుంది. అల్యూమినియం, ఇనుము కలిసిన మట్టి మిగులుతుంది. వాలులో ఆ మట్టి జారిపోతుంది. చదునుగా ఉన్న నెత్తి మీద మాత్రం నిలుస్తుంది. అలా తయారైన ఎర్రటి టోపీనే బాక్సైట్ అంటారు. దానికి సన్నసన్నని రంధ్రాలు ఉంటాయి. వాన పడితే పీల్చుకుంటుంది. దాని కింద ఖోండలైట్ మెత్తబడి బంకమట్టిగా మారి ఉంటుంది. నీళ్ళు ఆ బంకమట్టిని దాటి లోపలికి తేలిగ్గా దిగలేవు. అందుకని పక్కకు జరిగి, కొండ చెంపల్లో ఎక్కడ దారి దొరికితే అక్కడ ఊటలుగా బయటికి వస్తాయి. మే నెలలో కూడా మన గెడ్డల్లో సన్నగానైనా నీళ్ళు పారుతున్నాయంటే కారణం ఇదే. నెత్తిన ఉన్న ఆ టోపీ ఒక పెద్ద కుండ. జూన్ నుంచి నిండి, ఏడాదంతా కొంచెం కొంచెంగా కారుతుంది.

గాలి, మబ్బు, చలి

వంద మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత అర డిగ్రీకి పైగా తగ్గుతుంది. శాస్త్రవేత్తల సగటు లెక్క వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీలు. విశాఖ తీరంలో 35 డిగ్రీల ఎండ కాస్తున్న మధ్యాహ్నం గాలికొండ మీద 25 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా ఎండ కాసి, సాయంత్రానికి మబ్బు కమ్మి, ఉరుములతో వాన పడుతుంది. ఒక్కోసారి వడగళ్ళు కూడా. మామిడి పిందెలు, జీడిపూత రాలేది అప్పుడే.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు శిఖరం చాలా రోజులు మబ్బులోనే ఉంటుంది. సముద్రం నుంచి వచ్చిన తడిగాలి కొండను గుద్దుకుని పైకి లేస్తుంది. పైకి లేచిన గాలి చల్లబడుతుంది. చల్లబడితే అందులోని తడి చుక్కలవుతుంది. కింద నుంచి చూసేవాడికి అది కొండను కప్పిన మేఘం. పైన నడిచేవాడికి అది చెయ్యి చాపితే కనిపించని పొగమంచు. వాన పడకపోయినా ఆ మంచు గడ్డికీ ఆకులకూ పట్టి చుక్కచుక్కగా నేలకు దిగుతుంది. అడవి ఉన్న నెత్తికీ, బోడి నెత్తికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. ఆకు లేకపోతే మంచును పట్టేదెవరు?

అక్టోబరులో తుఫానులు వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఆ గాలి నేరుగా ఈ కొండల మీదికి ఎక్కింది. కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు పెద్దఎత్తున కూలిపోయాయి. తోట మళ్ళీ నీడ పట్టాలంటే ఏళ్లు పడుతుంది. గాలికొండ అన్న పేరులో చల్లదనమే కాదు, ఈ దెబ్బ కూడా ఉంది.

చలికాలం గురించి చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. ఎత్తు ఎక్కువైతే చలి ఎక్కువ, కాబట్టి శిఖరం మీదే అన్నిటికంటే చలి అనుకుంటారు. మధ్యాహ్నం వేళ అది నిజం. కానీ డిసెంబరు, జనవరి నెలల్లో ఆకాశం తేటగా, గాలి కదలకుండా ఉన్న రాత్రుల్లో లెక్క తలకిందులవుతుంది. నేల వేడి ఆకాశంలోకి పోతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది. బరువెక్కిన గాలి నీళ్ళలాగే వాలు వెంట దిగి, లోయలో నిలిచిపోతుంది. అందుకే తెల్లవారుజామున అరకు లోయలోనూ లంబసింగిలోనూ వణికించే చలి ఉంటుంది. లంబసింగిలో కొన్నేళ్లు సున్నా డిగ్రీల దాకా పడిపోయి, గడ్డి మీద మంచు గడ్డకట్టింది. దాని ఎత్తు వెయ్యి మీటర్లే. మా వసతి గృహం లోయలో ఉంది. పై గూడేల నుంచి వచ్చే ఆడపిల్లలు ప్రతి ఏడూ, "మా ఊళ్ళో ఇంత చలి ఉండదు మేడమ్, ఇంకో దుప్పటి ఇవ్వండి" అంటారు. వాళ్ళది గారాబం కాదు. అది సరైన వాతావరణ శాస్త్రమే.

పాడేరు దగ్గర వంజంగి కొండ మీద నుంచి తెల్లవారుజామున కనిపించే మేఘాల సముద్రం కూడా ఇదే. లోయలో నిలిచిన చల్లగాలిలోని తడి పొగమంచవుతుంది. దాని పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. ఆ మూతకు పైన ఉన్న శిఖరాలు దీవుల్లా కనిపిస్తాయి. ఎండ తగిలి నేల వేడెక్కగానే మూత తొలగి, మంచు కరిగిపోతుంది. మా వైపు పాత గూడేలు చాలావరకు లోయ అడుగున కాకుండా, గాలి కొట్టే నెత్తి మీద కాకుండా, వాలు మధ్యలో, ఊటకు దగ్గరగా ఉంటాయి. పల్లాన్ని వరికి వదిలారు. నెత్తిని అడవికీ, దేవతకూ వదిలారు. ఏ పుస్తకమూ చదవకుండా పెద్దలు వేసిన లెక్క అది.

"చెడ్డ గాలి"

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. 1820లలో నీలగిరుల్లో ఊటీ పట్టణం లేచింది. ఎండకు తట్టుకోలేని ఆంగ్లేయులకు కొండ మీద చల్లటి మకాం దొరికింది. 1857 తిరుగుబాటు తర్వాత దేశంలో తెల్ల సైనికుల సంఖ్య పెరిగింది. వాళ్ళను ఆరోగ్యంగా ఉంచేందుకు ప్రతిచోటా చల్లటి కొండల కోసం వెతికారు. విశాఖపట్నం సైనికుల కోసం వాళ్ళ కన్ను గాలికొండ మీద పడింది. 1860 ప్రాంతంలో ఇక్కడ సైనికులకు ఆరోగ్య విడిది ఏర్పాటు చేయాలని ప్రయత్నించారు. ఎత్తు సరిపోయింది, చల్లదనం సరిపోయింది, తీరానికీ దగ్గరే. కానీ వచ్చినవాళ్ళను జ్వరం పట్టుకుంది. ప్రయత్నం విరమించుకున్నారు. ఆ జ్వరం రాకపోయి ఉంటే గాలికొండ ఇవాళ బంగళాలతో, క్లబ్బులతో మరో ఊటీ అయి ఉండేదేమో. అప్పుడు మనం ఎక్కడ ఉండేవాళ్ళమో ఊహించుకోండి.

ఆ రోజుల్లో జ్వరం ఎందుకు వస్తుందో ఎవరికీ తెలియదు. అడవిలోంచి వచ్చే పాడుగాలే కారణమనుకున్నారు. మలేరియా అన్న మాటకు అర్థమే "చెడ్డ గాలి". మలేరియాను దోమ మోస్తుందని రొనాల్డ్ రాస్ తేల్చింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లోనే. మన కొండల్లో ఆ పని చేసేది ముఖ్యంగా గెడ్డల్లో, నెమ్మదిగా పారే తేట నీళ్ళలో గుడ్లు పెట్టే ఒక రకం అనాఫిలిస్ దోమ. అంటే తెల్లవాళ్ళను దించేసింది గాలి కాదు, ఏడాదంతా ఆరకుండా పారే గెడ్డ. నెత్తి మీద కుండ నిండుగా ఉండబట్టే ఆ గెడ్డ పారింది.

ఈ జ్వరం మనవాళ్ళను వదిలిపెట్టిందని కాదు. తరతరాలుగా ఎంతోమంది పసిపిల్లలను పోగొట్టుకుని, బతికినవాళ్ళలో కొంత తట్టుకునే శక్తి మిగిలింది. మన జాతుల్లో కొందరి రక్తంలో కనిపించే సికిల్ సెల్ లక్షణం కూడా ఆ పోరాటం గుర్తే. తల్లి నుంచో తండ్రి నుంచో ఒకరి నుంచే వస్తే మలేరియా నుంచి కొంత రక్షణ. ఇద్దరి నుంచీ వస్తే జీవితాంతం వేధించే జబ్బు. అందుకే పెళ్లికి ముందే రక్త పరీక్ష చేయించుకోమని మా పిల్లలకు చెబుతుంటాను, మీకూ చెబుతున్నాను. కొండ వాతావరణం మన ఒంట్లోనే రాసి ఉంది.

కొండ తెలిసినవాడికి కొండే కోట అన్నది 1922లో మళ్ళీ రుజువైంది. ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, గాం మల్లు దొర, మరెందరో ఆదివాసీ వీరులు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేశారు. 1924 దాకా ఆ పోరాటం సాగింది. మలబారు పోలీసులు చాలక, కొండల్లో తిరగడం అలవాటున్న అస్సాం రైఫిల్స్‌ను ప్రభుత్వం రప్పించుకోవలసి వచ్చింది. పోరాటానికి మూలం పోడు మీద ఆంక్షలు, అడవి చట్టాలు, రోడ్డు పనుల్లో వెట్టి. పోరాటానికి బలం మాత్రం ఏ గెడ్డ ఎక్కడ దాటవచ్చో, ఏ మెట్ట మీద నుంచి ఏ దారి కనిపిస్తుందో తెలిసిన మనవాళ్ళ భూగోళ జ్ఞానం.

కొండ కడుపులోంచి రైలు

1960లలో మళ్ళీ కొండ మీద కన్ను పడింది. ఈసారి బస్తర్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపాలి. కొత్తవలస–కిరండోల్ రైలుమార్గం అందుకోసం వేసిందే. దారిలో 58 సొరంగాలు తవ్వారు. శిమిలిగూడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అన్నిటికంటే ఎత్తైనదిగా అది చాలా కాలం పేరు పొందింది. అద్దాల పెట్టెలో కూర్చుని లోయలు చూసే పర్యాటకుల కోసం ఆ దారి పుట్టలేదు. ఇనుము కోసం పుట్టింది. అయినా ఆ రైలెక్కి మన పిల్లలు కాలేజీకి వెళ్ళారు, మన రోగులు విశాఖ ఆసుపత్రికి చేరారు. బయటినుంచి వచ్చిన ప్రతిదీ చెడ్డదని నేను అనను. వచ్చింది ఎవరి అవసరం కోసమో తెలుసుకుని వాడుకోవాలంటాను. కాఫీ కూడా అలా వచ్చినదే. ఈ ఎత్తు, ఈ చలి, ఈ నీడ దానికి సరిపోయాయి. మన రైతుల చేతుల్లో పెరిగి, 2019లో అరకు లోయ అరబికా కాఫీగా భౌగోళిక గుర్తింపు పొందింది.

నీళ్ళు ఎటు పోతాయి

ఈ వరుస నెత్తి మీద పడ్డ వానచుక్కకు రెండు దారులు. తూర్పుకు దొర్లితే గోస్తనీ నది చేరుతుంది. బొర్రా గుహల సున్నపురాయిని తొలుచుకుంటూ దిగి, తాటిపూడి జలాశయంలో ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ కొండల్లోనే పుట్టే శారద నది రైవాడ జలాశయం నింపుతుంది. తాటిపూడి, రైవాడ నీళ్ళు విశాఖ నగరం తాగుతుంది. పడమటికి దొర్లిన నీళ్ళు మత్స్యగెడ్డలో కలిసి, మాచ్‌ఖండ్‌గా డుడుమ దగ్గర దూకి, సీలేరుగా మారి, శబరిలో చేరి, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. ఒక చుక్క దగ్గరి దారిలో సముద్రం చేరితే, పక్కనే పడ్డ ఇంకో చుక్క గోదావరి డెల్టాలో వరి పండించాక గానీ చేరదు.

1955లో మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రం మొదలైంది. దాని జోలాపుట్ జలాశయం కింద ఆదివాసీల ఊళ్ళు మునిగిపోయాయి. ఆ కరెంటు ముందు పట్టణాలకు వెళ్ళింది. మన గూడేలకు రావడానికి దశాబ్దాలు పట్టింది. ఇవాళ్టికీ నగరానికి నీళ్ళిచ్చే కొండ మీదే, కొన్ని ఊళ్ళలో ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ఊటకు నడుస్తున్నారు. ఈ మాట కోపంతో అనడం లేదు. లెక్క చెబుతున్నాను.

నెత్తిన ఉన్న ఖనిజం

1970ల నుంచి తూర్పు తీర కొండల మీద బాక్సైట్ పెద్ద నిల్వలు ఉన్నాయని తేలింది. కొరాపుట్‌లోని పంచపట్‌మాలి కొండ నెత్తిని 1980ల నుంచి తవ్వుతున్నారు. మన వైపు గాలికొండ, రక్తకొండ, చింతపల్లి వైపు జెర్రెల కొండల పేర్లు ఆ జాబితాలో ఉన్నాయి. 2005లో అరకు వైపు బాక్సైట్ కోసం రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. జనం ఎదురు తిరిగారు. 2015 నవంబరులో వచ్చిన జీవో 97, చింతపల్లి, జెర్రెల అడవుల్లో 1,212 హెక్టార్లను తవ్వకాలకు కేటాయించింది. ఉద్యమం ఆగలేదు. 2019లో అది రద్దయింది.

1,212 హెక్టార్లంటే ఎంతో ఒక లెక్క చూడండి. ఒక హెక్టారు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 10,000 లీటర్లు. 1,212 హెక్టార్ల మీద ఒకే ఒక్క మిల్లీమీటరు పడినా 1 కోటి 21 లక్షల లీటర్లు. మన కొండల్లో ఏడాది వాన వెయ్యి మిల్లీమీటర్లు దాటుతుంది. టోపీ తీసేశాక ఆ నీళ్ళు పడకుండా ఆగవు. కానీ పీల్చుకుని దాచేది ఉండదు కాబట్టి వానాకాలంలో వరదై పోతాయి, వేసవిలో ఊట ఎండుతుంది. చెట్టు మళ్ళీ నాటవచ్చు. లక్షల ఏళ్లలో తయారైన టోపీని నాటలేం.

మనకు చట్టం అండ ఉంది. 1/70 చట్టం షెడ్యూల్డ్ ప్రాంత భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా నిలిపింది. మన అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల తవ్వకాల మీద పుట్టిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు, ప్రైవేటు సంస్థలకు గనుల లీజులు చెల్లవని చెప్పింది. దేశమంతా చదివే ఆ తీర్పు ఈ కొండ పాదాల దగ్గర పుట్టింది. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు బలమిచ్చింది. 2013లో ఒడిశా నియమగిరి కొండ విషయంలో సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. 12 ఊళ్ళ గ్రామసభలు జరిగాయి. డోంగ్రియా కోందులు, తోటివాళ్ళు, కొండ నెత్తి మీద తమ నియమరాజు ఉన్నాడని, తమ గెడ్డలు అక్కడే పుడతాయని చెప్పారు. పన్నెండూ వద్దన్నాయి. తవ్వకం ఆగింది.

అక్కడ పనిచేసింది ఏమిటో గమనించండి. కొండ నెత్తి మీద ఏముందో ఆ ఊళ్ళకు తెలుసు. పేర్లతో, చోట్లతో సహా చెప్పగలిగారు. ఇప్పుడు మన కొండల మీద పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టుల మాట వినిపిస్తోంది. పైన ఒక జలాశయం, కింద ఒక జలాశయం కట్టి, నీళ్ళను ఎక్కిస్తూ దించుతూ కరెంటు తీసే పద్ధతి. ఇంకోవైపు తెల్లవారక ముందే వందల బండ్లు ఎక్కి, శిఖరాల మీద ప్లాస్టిక్ వదిలివెళ్ళే పర్యాటకం. రేపు గ్రామసభలో మైకు మీ చేతికి వస్తుంది. అప్పుడు "ఇది మా కొండ" అంటే సరిపోదు. ఆ కొండ మీద ఎన్ని ఊటలున్నాయి, ఏది ఏ నెలలో ఎండుతుంది, ఏ ఊరు ఏ ఊట మీద బతుకుతోంది అని అడుగుతారు. చెప్పగలరా?

మనం చేయవలసిన మూడు పనులు

మొదటిది, పేర్లు. పటాల్లో ఉన్న పేర్లు సర్వేవాళ్ళు రాసుకున్నవి. ఒకే మెట్టకు కువిలో ఒక పేరు, గదబలో ఒకటి, ఆదివాసీ ఒరియాలో ఒకటి ఉంటుంది. మీ తాతయ్యను, నానమ్మను అడిగి మీ ఊరి చుట్టూ ఉన్న ప్రతి మెట్ట, ఊట, గెడ్డ, దేవత చోటు పేరు రాయండి. ఏ పండుగకు అక్కడికి వెళ్తారో కూడా రాయండి. ఇటికల పండుగ వేటలో మగవాళ్ళు నడిచే దారి ఒక్కటే మంచి పటం అవుతుంది.

రెండోది, ఊటలు. మీ ఊరి ఊట ఏ నెలలో సన్నబడుతుంది, ఏ ఏడు పూర్తిగా ఎండింది, ఒక బిందె నిండడానికి ఎంతసేపు పడుతుంది. నెలకోసారి ఫోనులో సమయం చూసి రాయండి. పది ఊళ్ళవాళ్ళు అయిదేళ్లు రాస్తే ఆ పుస్తకాన్ని ఏ అధికారీ పక్కన పడేయలేడు.

మూడోది, వాన. నిటారు గోడలున్న ఒక డబ్బా, ఒక స్కేలు చాలు. చెట్టుకూ చూరుకూ దూరంగా పెట్టి, రోజూ ఉదయం ఒకే వేళకు కొలిచి రాయాలి. మా వసతి గృహంలో తొమ్మిదో తరగతి పిల్లలు ఈ పని చేస్తున్నారు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు పై ఊళ్ళ పిల్లలు అక్కడా కొలుస్తారు. ఒకేరోజు లోయలో చినుకు లేకపోయినా కొండ మీద డబ్బా నిండిన రోజులు వాళ్ళ పుస్తకంలో ఉన్నాయి. మబ్బు కొండను గుద్దుకుంటుందన్న పాఠాన్ని నేను రెండోసారి చెప్పనక్కరలేకపోయింది.

డిగ్రీ చదువుతున్నవాళ్ళు భూగర్భ శాస్త్రం, జల శాస్త్రం, వాతావరణ శాస్త్రం వైపు కూడా చూడండి. మన ఇళ్ళలో టీచర్లు, నర్సులు, కానిస్టేబుళ్ళు ఉన్నారు. సంతోషం. కానీ మన కొండ రాయి గురించి, నీళ్ళ గురించి నివేదిక రాసేవాడు ప్రతిసారీ బయటినుంచే వస్తున్నాడు. ఖోండలైట్ అన్న పేరు మన జాతిది. ఆ రాయి మీద పరిశోధన చేసేవాళ్ళలో మన జాతి పిల్లలు ఎందుకు ఉండకూడదు?

చలికాలం వస్తోంది. వలిసెపూలు పూసే రోజుల్లో మీరు సెలవులకు ఇంటికి వెళ్తారు. ఒక పూట వీలు చూసుకుని, ఊళ్ళో పెద్దవాళ్ళను ఒకరిని వెంటబెట్టుకుని, నోటుపుస్తకం తీసుకుని కొండెక్కండి. నెత్తి మీద నిలబడి నీళ్ళు ఎటు వాలుతున్నాయో చూడండి. చూసింది రాసి, మీ ఊరి గ్రామసభకు ఒక ప్రతి ఇవ్వండి, బడికి ఒక ప్రతి ఇవ్వండి. పుస్తకంలో లేని ఆ పేజీని మనమే రాయాలి.